చేపల లారీలో షికారు

హలో… హలో… ఆ, నేనేనే ఎలూబె అక్కా, తియామికేని. నా ఫోన్లో ఇంకెవరు మాట్లాడతారు?

గొంతు మారిందా?… మారదూ మరి! ముక్కు మూసుకుని మాట్లాడుతున్నా. నిన్న బయల్దేరినప్పటి నుంచీ ముక్కు మూసుకునే ఉన్నా.

…జలుబు కాదు తల్లీ. కంపు! చేపల కంపు. నా జుట్టులో చేప. నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ మడతల్లో చేప. చేత్తో మొహం తుడుచుకుంటే నా చెయ్యే నాకు వాంతి తెప్పిస్తోంది. ఛీ!

ఆ… ఆ అద్దె ఇంటాయన మళ్లీ ఫోన్ చేశాడా? సాయంత్రంలోగా చెప్పకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తాడా?… అయ్యో, ఇవ్వొద్దను. చెప్తానను. చీకటి పడకుండా చెప్తాను.

సోమవారం బడిలో టీచరుగా చేరాలని నాకు గుర్తులేదా ఏంటక్కా? బ్లాంటైర్ బడి, బ్లాంటైర్ ఇల్లు, గచ్చు నేల, నీళ్ల కుళాయి… రాత్రిళ్లు కలలోకి అవే వస్తున్నాయి.

ఎక్కడున్నానా?… చెప్తా. ముందు జరిగింది విను. వరసగా చెప్పకపోతే నువ్వు నమ్మవు.

లేదు, బయల్దేరేటప్పటికి మా అత్తవారెవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? పదేళ్లు ఒకే పెరట్లో ఉన్నాం. "మీ ఇంట్లో ఉండలేను, పోతున్నా" అని ఎలా అంటాం?

లింబానీనా?… ఆ మహానుభావుణ్ణే చెప్పమన్నా. "అమ్మకి నువ్వే చెప్పు తియా, నీ నోటితో అయితే బాగుంటుంది" అన్నాడు. మొగుడు! లారీ ఇంజన్ మొత్తం విప్పి బిగించగలడు. వాళ్లమ్మ ముందు నోరు మాత్రం విప్పలేడు.

అదే, ఏటా ఉండేదే. మొక్కజొన్న కోతలయ్యాక మా అత్తవారి మంద మొత్తం సరస్సుకి పోవాలి. సలిమా ఊరి దగ్గర ఒడ్డున ఓ రాత్రి పడుకోవాలి, ఆడాలి, పాడాలి. మా మామగారు పెట్టిన ఆచారం. ఆయన పోయారు గానీ ఆయన లారీ పోలేదు.

ఏ లారీ అంటావేంటి? మా పెద్ద బావగారు బౌలేనీ తోలే ఆ చేపల లారీయే! ఏడాది పొడుగునా అందులో ఎండు ఉసిపా చేపలు మోస్తారు. నిన్న పొద్దున నాలుగు బకెట్ల నీళ్లు కొట్టి, "కడిగేశాం, ఎక్కండి" అన్నారు. కడగడమా అది? ఎండు చేప పొట్టు నీళ్లకి నానితే ఏమవుతుందో నీకు తెలీదూ? అప్పటిదాకా పడుకున్న కంపు కాస్తా లేచి కూర్చుంది.

ఎంతమందిమో ఎవరు లెక్కపెట్టారు? పెద్దాళ్లు, పిల్లలు, పక్కింటి పిల్లలు, ఇంకా ఓ మేక. ఆ మేకకి లారీ అంతా వదిలేసి నా సంచీ మీదే పోయాలనిపించింది. నా ఉతికిన బట్టల సంచీ మీద!

నవ్వకు. నవ్వితే పెట్టేస్తా.

…ఇంకా ఉంది. మా ఆడపడుచు జియోనె తోబ్వా అంబలి కాచింది. మంచిగానే కాచింది, కాదనను. కాచినదాన్ని పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత బిగించి, తెచ్చి ఎండలో పెట్టింది. దారి పొడుగునా అది పులుస్తూనే ఉంది. సలిమా ఇంకా కాస్త దూరం ఉందనగా లారీ ఓ గుంతలో పడింది… ఢాం!

అవును, నా మీదే. నా మీదా, మా చిన్నాడి మీదా. యాంఖో నవ్వుతూ చేతులు నాక్కుంటున్నాడు. వాడు వీళ్ల రక్తమే కదా! జియోనె ఏమందో తెలుసా? "వదినా, కదలకు, నీ భుజం మీద ఇంకా చాలా ఉంది" అని గ్లాసు పట్టుకొచ్చింది!

ఛీ అంటే ఛీ కాదక్కా.

…నీళ్లు కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఒళ్లంతా రుద్దుకుని స్నానం చేద్దామని పరిగెత్తా. మా బావగారు చేతులు చాచి అడ్డం నిలబడ్డారు. "ఇప్పుడే దిగితే రేపటి పందెం మజా పోతుంది" అన్నారు. ఆ పులిసిన అంబలితోనే పడుకున్నా రాత్రంతా. చీమలు పట్టాయి నన్ను.

తెప్పల పందెమే. ఈ పొద్దున జరిగింది. కొడుకులంతా ఒక జట్టు, కోడళ్లూ కూతుళ్లూ ఒక జట్టు. ఎవరి తెప్ప వాళ్లే కట్టుకోవాలి. కొన్న వస్తువు ఒక్కటీ ఉండకూడదు. అరటిబోదెలు, పాత డబ్బాలు, చెట్టునార. ఓడిన జట్టు అందరి గిన్నెలూ తోమాలి. మేక వండిన గిన్నెలు.

నా వాటాకి వచ్చిన డబ్బా మూత తీసి చూశా. అందులో ఏ కాలం నాటివో చేపల ఉప్పునీళ్లు. నల్లగా. కదులుతున్నాయి కూడా. ఒంపమంటే ఒంపాను. ఒంపుతుంటే గాలి నా వైపు తిరిగింది.

…ఏంటీ?

గెలిచామా అని అడుగుతున్నావా? ఇంత చెప్తే నీకు అదా కావాల్సింది?

…గెలిచాం. సరే, గెలిచాం. సగం దూరంలో వాళ్ల తెప్ప ఊడిపోయింది. లింబానీ కట్టిన ముడి అది, ఊడక ఏం చేస్తుంది? బావగారు అరటిబోదెని కౌగిలించుకుని కొత్త పెళ్లికొడుకులా తేలారు. జియోనె తెడ్డు పైకెత్తి ఊరేగింపు పాట అందుకుంది… నేనా? నేను పాడలేదు. కొంచెం పాడాను. ఆ పాట సంగతి ఇప్పుడెందుకు?

విను, అసలు సంగతి అక్కడే ఉంది. మేమంతా నీళ్లలో ఉన్నాం. ముసలాళ్లు ఒడ్డున ఇసకలో గుంటలు తవ్వి గింజలతో బావో ఆట ఆడుతున్నారు. మా యాంఖో వాళ్ల పక్కనే కూర్చున్నాడు. మూడేళ్ల వెధవ. అందరి కళ్లూ పందెం మీద ఉన్నాయి. వాడు ఆ ఆట గింజ ఒకటి తీసి ముక్కులో దూర్చుకున్నాడు.

…ఆ, లోపలికి. పైకి కనపడనంత లోపలికి.

నేను ఒడ్డుకొచ్చేసరికి ఏడుపు, చీమిడి, కాస్త నెత్తురు. జియోనె వాణ్ణి తలకిందులుగా పట్టుకోమంటుంది. బావగారు ముక్కుపొడి పెడదాం, తుమ్ముతాడు అంటారు. లింబానీ ఏం తెచ్చాడో చెప్పు చూద్దాం?… పట్టకారు! లారీ బోల్టులు విప్పే పట్టకారు, గ్రీజుతో సహా! ఆ పట్టకారు లాక్కుని నీళ్లలోకి విసిరేశా.

అప్పుడు మా అత్తగారు లేచి వచ్చారు. వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. ఒక ముక్కుపుటం వేలితో నొక్కారు. రెండోదాని మీద నోరు పెట్టి… పీల్చారు.

…అవునక్కా, నోటితోనే. గింజ వచ్చింది. గింజతోపాటు… ఆగు, నువ్వు తింటున్నావా?… తినేశావా? అయితే విను. వాడి ముక్కులో ఉన్నదంతా వచ్చింది. అంతా. ఆవిడ పక్కకి తిరిగి ఉమ్మేశారు. మూతి తుడుచుకున్నారు. "పోయి ఆడుకోరా" అని వాడి పిర్ర మీద ఒకటి వేశారు. వాడు పరిగెత్తుకుపోయాడు.

ఏడిచానా?… ఏడిస్తే బాగుండేది. ఆవిడ కాళ్ల మీద పడితే ఇంకా బాగుండేది. నా భయమంతా కోపంగా బయటికొచ్చింది. అరిచేశానక్కా. "చాలు! ఈ కంపు చాలు, ఈ మంద చాలు! పిల్లాడు చచ్చినా చూసే దిక్కులేదు ఇక్కడ! నాకు బ్లాంటైర్లో ఉద్యోగం వచ్చింది. మా అక్క ఇల్లు చూసింది. నా బిడ్డని తీసుకుని పోతున్నా. చేపల వాసన లేని చోట బతుకుతా!"

…అనేశాను. అంతమంది ముందూ.

బావగారు టోపీ తీసి చేతిలో నలుపుతున్నారు. లింబానీ ఇసకలోకి చూస్తున్నాడు. అక్కడ ఏం పోగొట్టుకున్నాడో! జియోనె కళ్లనిండా నీళ్లు. "పదేళ్లూ మేము నీకు కంపు కొడుతూనే ఉన్నామా వదినా? పక్కనే పడుకున్నావు కదా" అంది.

నా రెండు కాన్పులకీ పక్కనున్నది అదే. మొదటి బిడ్డ దక్కనప్పుడు నెలరోజులు నా జుట్టు దువ్వింది అదే. కానీ కంపు కంపే కదక్కా! ప్రేమ ఉంటే ముక్కు పనిచెయ్యడం మానేస్తుందా?

…ఆ, అత్తగారు. లేచి లారీ వెనక్కి నడిచిపోయారు. ఎంత కష్టపెట్టానో అనుకుని వెనకాలే వెళ్లా, కాళ్లు పట్టుకుందామని.

వెళ్తే… చక్రం పట్టుకుని వంగి వాంతి చేసుకుంటున్నారు.

…నేనూ అదే అనుకున్నా, చిన్నాడి చీమిడి వల్ల అని. నీళ్లిచ్చి, "నా కొడుకు కోసం ఎంత పని చేశారత్తయ్యా" అన్నా. ఆవిడ పుక్కిలించి ఊసి ఏమన్నారో తెలుసా? "మనవడి ముక్కు నాకేం చేసిందే పిల్లా? ఈ లారీ. ఎక్కిన ప్రతిసారీ ఇంతే" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. "నేను డెడ్జా కొండల పిల్లని. బంగాళాదుంపలు, చలిగాలి. మా ఊళ్లో చేప మొహం ఎరగను. పెళ్లై ఈ ఇంట్లో అడుగుపెట్టిన పూట మీ మామ ఉసిపా బుట్ట నా నెత్తికెత్తాడు. ఆ పూట మొదలు నా కడుపు తిప్పుతూనే ఉంది."

…లేదు, ఎవరికీ చెప్పలేదట. మామగారికి కూడా. "ఎలా చెప్పను? ఆ చేపలే నా పిల్లలందరికీ ముద్ద పెట్టాయి. పిల్లల నోట్లోకి పోయే కూటిని చూసి ఛీ అంటే నా నోరు పడిపోదూ?" అన్నారు.

"నేను అన్నాను కదత్తయ్యా ఇప్పుడు, అందరి ముందూ, ఛీ అని" అన్నా.

"అన్నావు. నా కడుపులో మాట నీ నోట్లోంచి వచ్చింది. హాయిగా ఉందే" అన్నారు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరం ఆ చక్రం పక్కన ఇసకలో కూర్చున్నాం. పైనుంచి చేపల నీళ్లు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. ముందు ఆవిడ ముక్కు మూసుకున్నారు. తర్వాత నేను మూసుకున్నా. ఒకరి మొహం ఒకరు చూసుకుని…

ఆ, నవ్వాం. పొట్ట పట్టుకుని నవ్వాం. అయితే ఏంటి?

…చెప్తున్నా కదా, తొందరపెట్టకు. నవ్వాక ఆవిడ లేచి ముందుకెళ్లి, చేతులు నడుం మీద పెట్టుకుని చెప్పేశారు. "కోడలు బ్లాంటైర్లో పిల్లలకి చదువు చెప్పబోతోంది. ఆ ఇల్లు ఎలాంటిదో నా కళ్లతో చూడాలి. లారీ ఎక్కండి."

ఎప్పుడా? అప్పుడే! ఇంటికెళ్లి మళ్లీ బయల్దేరడం దేనికి, ఇట్నుంచి ఇటే పోదాం అన్నారు.

ఎవరైనా బాధపడ్డారనుకున్నావా? ఏడుస్తున్న జియోనె కళ్లు తుడుచుకుని, "బ్లాంటైర్ బజార్లో చిప్స్ ఎక్కడ బాగా వేయిస్తారు?" అని అడిగింది. బావగారు టోపీ పెట్టుకుని హారన్ కొట్టారు. పిల్లలు కేరింతలు. వీళ్లకి ఇంకో షికారు దొరికింది, అంతే! నేను విడిపోదామంటే ఊరేగింపుగా దింపడానికి వస్తున్నారక్కా. ఇలాంటి సిగ్గులేని జనం మలావీ మొత్తం మీద ఉంటారా?

…ఆ. ఇప్పుడు దారిలో బలాకాలో ఉన్నాం. రోడ్డు పక్కన ఆపారు.

మీ వైపే. అవును, మీ ఇంటికే. ఇంకెక్కడికి?

…అందరం.

…మేక లేదు. మేకని తినేశారు.

అరవకు. నా చెవి పోతుంది. చాపలు పరిచేస్తే చాలు, ఎక్కడైనా పడుకుంటారు. మొక్కజొన్న పిండి న్సిమా పెద్ద గిన్నెలో ఎక్కించు. కూర ఏదైనా పరవాలేదు, ఆకుకూరైనా సరే. చేప మాత్రం వండకు, నీ కాళ్లు పట్టుకుంటా.

ఎందుకు ఆగామా? బావగారు పుల్లకి గుచ్చిన కాల్చిన ఎలుకలు బేరమాడుతున్నారు. బొచ్చుతో సహా. "మీ అక్కగారింటికి వట్టి చేతులతో వెళ్తామా" అంటున్నారు… నీకేనక్కా. తినకు, కానీ తీసుకో. వద్దంటే ఆయన మొహం చిన్నబోతుంది. యాంఖో అప్పుడే ఒకదాని తోక పట్టుకుని తిరుగుతున్నాడు… ఛీ, నోట్లో పెట్టుకున్నాడు! ఒరేయ్! ఉమ్మెయ్!… మింగేశాడు.

…అక్కా. ఒక్క మాట. అందరూ దూరంగా ఉన్నారు, ఇప్పుడే చెప్పాలి.

గొలొమోతి దగ్గర నీళ్లకి ఆగినప్పుడు అత్తగారు నా పక్కకి వచ్చారు. సంచీ ఒళ్లో పెట్టుకుని, నావైపు చూడకుండా అడిగారు. "ఆ ఇంట్లో నాకో మూల దొరుకుతుందా? కొన్నాళ్లు. కడుపు సర్దుకునేదాకా."

…నేనా? కుళాయి కట్టేయడానికి వెళ్లినట్టు వెళ్లిపోయా.

తెలుసు. నువ్వు అలాగే అంటావని తెలుసు. పదేళ్ల తర్వాత తలుపేసుకుంటే నా తలుపు అనుకునే ఇల్లు దొరికింది. అందులోకి అత్తగారినెవరు తెచ్చుకుంటారు?… నిజమే. ఆవిడ ముక్కుపొడి పీలుస్తారు. పీల్చి గోడకి తుడుస్తారు. గురక పెడితే రేకులు అదురుతాయి. పళ్లపుల్ల నమిలి ఎక్కడ పడితే అక్కడ… అవన్నీ నాకు తెలీదా? నాకు తెలిసినంత నీకు తెలుసా?

…లేదు, గింజ తీసినందుకు కాదు. ఆ రుణం అలా తీరేది కాదు, ఆవిడ అడగనూ లేదు.

మరి ఎందుకంటే… ఏమోనక్కా. నేను పదేళ్లకే అరిచాను. ఆవిడ జన్మంతా అరవలేదు. నిన్న రాత్రి కూడా నా ముద్దలోని ముల్లు తనే తీసి పెట్టారు, తనకి కడుపు తిప్పుతూనే. ఇప్పుడు నేనొక్కదాన్నీ మంచిగాలిలోకి పోయి తలుపేసుకుంటే… ఆ గాలి నాకు పడుతుందా?

లింబానీయా? ఆయన లారీ పని వదిలి ఎలా వస్తాడు? వారం వారం వస్తాడట. రానీ. గుమ్మం బయట స్నానం చేస్తేనే లోపలికి. వాళ్లమ్మే పెట్టారు ఆ షరతు!

…నవ్వు, నవ్వు. నీ ఇంటి ముందు ఈ లారీ ఆగనీ, అప్పుడు చూస్తా నీ నవ్వు.

ఆ ఇంటాయనకి ఫోన్ చెయ్యి. తీసుకుంటున్నానని చెప్పు. ఎవరెవరు ఉంటారని అడిగితే నేనూ, బిడ్డా, ఓ పెద్దావిడా అని చెప్పు. తలుపు పక్కన కిటికీ ఉన్న గది ఉందన్నావు కదా?… కొండ కనపడుతుందా దాంట్లోంచి?… అయితే అది ఆవిడకి.

ఆలోచించే చెప్తున్నా. మాట మార్చను.

…అదిగో, హారన్. ఇంజన్ అందుకోవట్లేదట, అందరూ దిగి తోయాలట. ఇంకా ఎన్ని చూడాలో ఈ పూట! వస్తున్నా బావగారూ!… అత్తయ్యా, మీరు దిగొద్దు, కూర్చోండి, మేం తోస్తాం. ఇదిగో, మా అక్కతోనే మాట్లాడుతున్నా. ఉందట అత్తయ్యా. మూల కాదు, గదే ఉందట. కిటికీ ఉన్న గది. కొండ కూడా కనపడుతుందట…

అక్కా, ఉన్నావా?… అత్తగారు నన్ను దగ్గరికి లాక్కుని… ఏడుస్తున్నారే.

ఛీ! నా భుజానికే ముక్కు తుడుచుకున్నారు! ఛీ, ఛీ… ఉండండి అత్తయ్యా, ఈ పక్క తడిసిపోయింది, ఆ పక్క తుడుచుకోండి… అక్కా, పెట్టేస్తున్నా.